నోటీసు వడ్డన

"అద్దె వెయ్యి పెంచుతానే రత్నం" అన్నారు మామ్మగారు. "పెంచండి మామ్మగారూ" అన్నాను నేను. మా మధ్య జరిగిందల్లా ఇంతే. గొడవ లేదు, తగువు లేదు, మాటా మాటా అనుకున్నది లేదు. ఉన్నా బాగుండును. తగువులున్నవాళ్ళ ఫైళ్ళే అద్దెల ఆఫీసులో ముందు చూస్తారని తర్వాత తెలిసింది.

నేను రత్నకుమారిని. బట్టలు కుడతాను. పాత మునసబు కోర్టు వీధిలో సూరమ్మ మామ్మగారింట్లో ముందు వాటా నాది, వెనక వాటా ఆవిడది. పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు, ఆ ఇల్లు తప్ప ఇంకో ఆధారం లేదు. నాకు ఆ ముందు గది తప్ప ఇంకో కొట్టు లేదు. ఆ గది శ్లాబే పెచ్చులూడుతోంది. మొన్న ఏప్రిల్లో చపాతీ అంత పెచ్చొకటి కుట్టుమిషను పక్కన పడింది. జాకెట్టు గుడ్డ మీద పడితే దులుపుకున్నాను గానీ, నెత్తిమీద పడితే దులుపుకోడానికి నేనుండొద్దూ? తాపీమేస్త్రి వచ్చి కర్రతో పొడిచి చూసి, "వానలు గట్టిగా పడేలోగా వేయించుకోండమ్మా, లేపోతే కూలుద్ది" అని చెప్పి, టీ తాగి వెళ్ళాడు.

ఖర్చు అరవై వేలు. మామ్మగారి దగ్గర ఆరొందలు కూడా లేవు. వీధి చివర పరపతి సొసైటీ వాళ్ళు మరమ్మతుకి అప్పిస్తామన్నారు. కాకపోతే అద్దె నాలుగు వేలని కాగితం మీద ఉండాలట, మూడు వేలైతే వాయిదాలు కట్టలేరట. ఆ కాగితం మీద అద్దెల ప్రాధికార సంస్థ ముద్ర ఉండాలట. ముద్రేగా, ఎంతసేపు, అనుకున్నాం. అంత అమాయకులం ఆ రోజుల్లో.

నోటీసు ఇవ్వాలన్నారు కాబట్టి ఇచ్చాం. "నాకు చూపానదే, నువ్వే రాయి" అన్నారు మామ్మగారు. నా అద్దె నేనే పెంచుకుంటూ నోటీసు రాసి, ఆవిడ చేత సంతకం పెట్టించి, మళ్ళీ ఆవిడ చేతుల్లోంచి నేనే పుచ్చుకున్నాను. ఇద్దరం రిక్షా కట్టించుకుని ఆఫీసుకి వెళ్ళాం.

అప్పటికి సర్కారువారికి తెలుగు పూనింది. పాలన అంతా తెలుగులోనే జరగాలని పైనుంచి ఉత్తర్వు. మంచిదే, మనకి మాత్రం చేదా? కానీ ఆ ఆఫీసులో ఫ్యాను వెయ్యమంటే ఎవరూ వెయ్యలేదు, 'గాలిమర' అంటేనే వేశారు. జిల్లా ప్రాధికారి విశ్వపతిగారు పట్టు కండువా భుజాన వేసుకుని, మా కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని అడిగారు:

"ఈ నోటీసును తామెట్లు వడ్డించితిరి?"

మామ్మగారు నా వైపు చూశారు. "చేతికిచ్చానండి" అన్నారు.

"చేతికా? విస్తరిలో కాదా?"

ఆయన చట్టం పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, తొమ్మిదో సెక్షన్ చదివారు. "అద్దెను పెంచగోరు యజమాని, అట్టి పెంపునకు ముందుగా, అద్దెదారునకు నోటీసును స్వయముగా వడ్డించవలెను. అద్దెదారు దానిని స్వీకరించవలెను. జీర్ణించుకొనుటకు ముప్పది దినముల గడువు ఒసగవలెను." చదివి పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నారు.

నాకు నవ్వాగలేదు. "సార్, అది ఇంగ్లీషులో సర్వ్ అని ఉండుంటుంది. సర్వ్ అంటే అందజెయ్యడం. తర్జుమా చేసినాయన సరిగ్గా భోజనాలవేళకి దీని మీద కూర్చున్నట్టున్నాడు."

విశ్వపతిగారు కండువా సర్దుకున్నారు. "అమ్మా, పదిహేడుగురు పండితులు ఏడాదిన్నర చర్చించి తేల్చిన మాట ఇది. తెలుగు ప్రతియే అధికార ప్రతి. ఇంగ్లీషును చూపి తెలుగును తప్పుపట్టుట మాతృభాషా తిరస్కారము. సెక్షను నలుబదియొకటి."

"తిరస్కరిస్తే ఏమవుతుందండీ?"

"అందులకు వేరే నోటీసు వడ్డించబడును."

మామ్మగారు నా చెయ్యి గిల్లారు. "ఊరుకోవే. ఇంతకీ భోజనం పెట్టమంటున్నాడు, అంతేగా? పదకొండేళ్ళుగా ఉన్నావు, నీకోసారి భోజనం పెట్టలేనా?" అన్నారు. పాపం, ఆవిడకి అది శిక్షలా అనిపించలేదు. బయటికొస్తూ వడ్డన మార్గదర్శకాల పుస్తకం కొనుక్కున్నాం. ముప్పై ఎనిమిది పేజీలు, నూట ఇరవై రూపాయలు.

ఆదివారం ముహూర్తం పెట్టారు. పెట్టింది ఆఫీసువాళ్ళే. సాక్ష్యానికి వడ్డన పరిశీలకులు కామేశంగారు వచ్చారు. పల్చటి మనిషి, చేతిలో ఫైలు, జేబులో టేపు. టేపుతో విస్తరి కొలిచారు, కొస ఎడమవైపే ఉందని రాసుకున్నారు. "పరిశీలకునకు సైతం వడ్డన జరిగిననే పరిశీలన సమగ్రమగును" అంటూ నా పక్కనే బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. మామ్మగారు తెల్లారుజామున లేచి ముద్దపప్పు, దొండకాయ వేపుడు, ముక్కల పులుసు, పులిహోర, పరమాన్నం చేశారు. నిలబడితే ఆవిడ మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి, నాకు వినిపిస్తోంది. నేను వడ్డిస్తానని లేవబోతే కామేశంగారు "అద్దెదారు లేచినచో పంక్తి రద్దు" అన్నారు.

పప్పు తర్వాత, పులుసుకి ముందు, నోటీసుని నాలుగు మడతలు పెట్టి విస్తరిలో కుడివైపున వడ్డించారు. కామేశంగారు టైము రాసుకున్నారు. అంతా సవ్యంగా సాగుతోంది. అప్పుడు మామ్మగారు మూడోసారి పులిహోర తెచ్చారు. పొట్టలో చోటులేదు. వొద్దు మామ్మగారూ అంటూ, మనందరం చేసే పనే, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగుడు!" అని కామేశంగారు కేకేశారు. ఆయన నోట్లో పరమాన్నం ఉంది, అది మింగి మరీ చదివారు. "మార్గదర్శకము ఇరువదియారు. విస్తరిపై చేయి అడ్డముంచుట అభ్యంతరము తెలుపుటగా భావించబడును. అద్దెదారు పెంపును వ్యతిరేకించినది."

"నేను వ్యతిరేకించింది పులిహోరనండీ!"

"పులిహోర, నోటీసు ఒకే విస్తరిలో ఉన్నవి. చేయి దేనిపై అడ్డముంచబడెనో విడదీసి చూచు అధికారము నాకు లేదు."

"ఇప్పుడు చెయ్యి తీసేస్తానండీ, ఎంత కావాలంటే అంత పెట్టమనండి."

"అభ్యంతరము నమోదైనది" అని ఆయన ఇంకో గరిటె పరమాన్నం వేయించుకున్నారు. మళ్ళీ వడ్డించాలంటే నలభై రోజులు ఆగాలట. దాన్ని మారు వడ్డన అంటారట. అప్పటికి ఆషాఢం వచ్చేస్తుంది. మామ్మగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ పూట ఆవిడ ముద్ద ముట్టలేదు.

ఈలోగా ఊరంతా ఇదే భాగోతం. వంటవాళ్ళు పెళ్ళిళ్ళు మానేసి 'నోటీసు భోజనాలు' అని బోర్డులు కట్టారు. తెలివైన అద్దెదార్లు ఉపవాసాలు పట్టారు. శనివారం వెళితే శనివారం ఉపవాసం, సోమవారం వెళితే సోమవారం ఉపవాసం. అద్దెదారు తలుపు తియ్యకపోతే నోటీసు తలుపుకి అంటించాలని ఇంకో సెక్షన్ ఉంది. దాంతో మా ఎదురు మేడాయన, అద్దెదారు ఊరెళ్ళిన వాటా తలుపుకి గోంగూర పచ్చడీ, అన్నం, వంకాయ కూరా వరసగా మెత్తి ఫోటో తీయించుకొచ్చాడు. మజ్జిగ కారిపోయింది కాబట్టి వడ్డన అసంపూర్ణమని ఆ దరఖాస్తు కొట్టేశారు. ఆ తలుపు చుట్టూ చీమలు ఇప్పటికీ పోలేదు. ఇవన్నీ వింటూ నవ్వుకునేదాన్నే, నా నెత్తిమీద శ్లాబు లేకపోతే. మిషనుని గోడవారకి జరుపుకుని, గొడుగు ఒకటి దూలానికి వేలాడదీసి దాని కింద కుడుతున్నాను. కొలతలకొచ్చిన ఆడవాళ్ళు పైకి చూసి, గుడ్డ ఇవ్వకుండానే వెళ్ళిపోతున్నారు.

మారు వడ్డన రోజున రెండు చేతుల మీదా నాకే నమ్మకం లేక, ఎడం చేతిని నడుం వెనక కొంగుతో కట్టేయించుకున్నాను. మామ్మగారు వడ్డిస్తూనే ఉన్నారు, నేను తింటూనే ఉన్నాను, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. కామేశంగారు మెచ్చుకోలుగా తలాడించారు. "వడ్డన దోషరహితము. ఇక స్వీకరణ."

"తిన్నాను కదండీ!"

"అన్నము తింటిరి. నోటీసు అట్లే ఉన్నది. 'దానిని స్వీకరించవలెను' అని చట్టము. దానిని అనగా నోటీసును."

నేను మామ్మగారి మొహం చూశాను. ఆవిడ పైన శ్లాబు వైపు చూస్తున్నారు. ఇంకేం ఆలోచించలేదు. నోటీసుని పళ్ళతో చింపి, పప్పులో కలిపి, మూడు ముద్దలుగా మింగేశాను. చేతిరాత సిరా చేదు. నీళ్ళు తాగి, ఆకుని నా వైపుకి మడిచాను, అదే సంతకం. కామేశంగారు లేచి నిలబడి, "ఈ జిల్లాలో ఇంత నిబద్ధత నేను చూడలేదు" అన్నారు. నిజం చెప్పద్దూ, కాస్త గర్వపడ్డాను కూడా. ఏడుపొస్తుంది ఇప్పుడు తలుచుకుంటే.

ముప్పై రోజులు జీర్ణించుకున్నాక ఆఫీసుకి వెళ్ళాం. విశ్వపతిగారు ఫైలంతా తిరగేశారు, చివరి పేజీ దగ్గర ఆగారు. "అంతయు సక్రమముగనే ఉన్నది. మూల నోటీసు ఏది?"

"తినేశానండీ."

"తిన్నచో మంచిదే. కానీ మూల నోటీసు జతపరచనిదే ముద్ర వేయుటకు వీలుపడదు."

"తినకపోతే చెల్లదన్నారు, తింటే జతపరచమంటున్నారు. ఎలా జతపరచను? ఎక్కణ్ణుంచి తియ్యను?"

"ఆ విషయమై చట్టము మౌనము వహించినది" అన్నారు విశ్వపతిగారు. ఎంతో బాధ్యతగల మనిషిలా అన్నారు ఆ మాట. నేను బల్ల మీద చెయ్యి వేసి గట్టిగా ఒక దెబ్బ కొట్టాను. "మీరంతా బుర్ర ఉండే కూర్చున్నారా ఇక్కడ? ఒక్క మాట తప్పు. ఒక్క మాట! వడ్డించడం కాదు, అందజెయ్యడం. అది దిద్దుకుంటే మీ సొమ్మేం పోయింది? పైన పెచ్చులూడి పడుతుంటే ముసలావిడ చేత పరమాన్నాలు వండిస్తారా?"

ఆయనకి కోపం రాలేదు, అదే నాకింకా మండిపోయింది. "తమ సూచన పైకి పంపబడును" అన్నారు.

విచిత్రం ఏమంటే, పంపారు. ఊరూరా ఇలాంటి అరుపులే వచ్చుంటాయి, సర్కారు కదిలింది. సవరణ చెయ్యాలంటే ప్రజలకి ముందు నోటీసు వడ్డించాలి కాబట్టి, జిల్లాకో మైదానంలో షామియానాలు వేసి, మూడు రోజులపాటు పంక్తులు సాగించారు. మా జిల్లాలో తొంభై వేల విస్తళ్ళు లేచాయి. విస్తరికో సవరణ కాగితం. వానలో తడిసిన లడ్డూలు పంచుతూ విశ్వపతిగారే స్వయంగా తిరిగారు. శ్లాబు బాగుచెయ్యడానికి కావలసింది అరవై వేలు. ఆ లడ్డూలకి ఎంతైందో నేనడగలేదు, అడిగితే ఇంకేమైనా వడ్డిస్తారు.

సరే, పోనీలే, మాట మారింది కదా అనుకున్నాం. పదిహేడుగురు పండితులూ మళ్ళీ కూర్చుని ఇంగ్లీషు ప్రతి తెప్పించుకుని, నిఘంటువులు చూసి, వడ్డన అన్నది తమ పొరపాటేనని పెద్దమనసుతో ఒప్పుకున్నారట. 'వడ్డించవలెను' కొట్టేసి 'సేవ చేయవలెను' అని వేశారు.

భాద్రపదం చివర్లో కామేశంగారు కొత్త ఫైలుతో వచ్చారు. బయట జోరున వాన. ముందు గదిలో రెండు బకెట్లు, ఒక గంగాళం, దాకలు పెట్టి ఉన్నాయి. వాటి మధ్యలో కుర్చీ వేయించి, నన్ను కూర్చోమన్నారు. "ఇకపై భోజనముల ఖర్చు లేదు, ప్రజలపై భారము తగ్గించుటయే ప్రభుత్వ లక్ష్యము" అన్నారు. "పెంపు గోరు యజమాని అద్దెదారునకు స్వయముగా సేవ చేయవలెను. పాదసేవ శ్రేష్ఠమని మార్గదర్శకము. పావుగంట. ఛాయాచిత్రము తప్పనిసరి."

"ఎవరికి ఎవరు?" అన్నాను.

మామ్మగారికి ముందే అర్థమైంది. గోడ పట్టుకుని, మోకాళ్ళు మడవలేక మడవలేక, తడి నేల మీద కూర్చున్నారు. "కాళ్ళు చాపవే రత్నం" అన్నారు.

"ఛీ ఛీ, లేవండి మామ్మగారూ!"

"ఏం పర్లేదే. నీ కాళ్ళు పడితే నా కొంప నిలబడుతుందంటున్నాడు. చాపు. పావుగంటేగా." ఆవిడ చెయ్యి నా పాదం మీద పడింది. చల్లగా ఉంది. నాకు జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ వేసిన చెయ్యి అది. కామేశంగారు ఫోను ఎత్తి, "కాస్త నవ్వుముఖము" అన్నారు.

నావల్ల కాలేదు. కుర్చీలోంచి దూకి, ఆవిడని రెండు చేతులతో లేపి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, కింద కూలబడి ఆవిడ మోకాళ్ళు పట్టుకున్నాను. "ఇదిగో, తీసుకో నీ ఫోటో! మనుషులు చేసే పని ఇది. ఈవిడ నాకు కాళ్ళు పట్టడమేంటి? నీ ఇంట్లో మీ అమ్మ లేదూ?" అన్నాను. ఏడుస్తూ ఆవిడ కాళ్ళు ఒత్తుతున్నాను, ఆవిడ నా తల నిమురుతున్నారు. ఆ పొడుగాటి పావుగంటా కామేశంగారు కిక్కురుమనకుండా నిలబడ్డారు. మనసు కరిగిందనుకున్నాను. ఫోటోలు తీసుకుని, తలొంచుకుని వెళ్ళిపోయారు.

నాలుగు రోజులకి ఉత్తర్వు వచ్చింది, ముద్రతో సహా. మామ్మగారు దాన్ని దేవుడి దగ్గర పెట్టి, పసుపు రాసి, "చదవవే" అని నాకిచ్చారు. చదివాను. "అద్దెదారు యజమానికి సేవ చేసినట్లు ఛాయాచిత్రములు ధ్రువపరచుచున్నవి. అద్దెదారుచే యజమానికి జరుగు సేవ, అద్దె తగ్గింపు నోటీసుగా పరిగణించబడును. యజమాని కుర్చీలో ఆసీనురాలై సమ్మతించినందున, నెలసరి అద్దె మూడు వేల నుండి రెండు వేల ఏడు వందలకు తగ్గించడమైనది."

"అంటే?" అన్నారు మామ్మగారు.

"అంటే మీకు నేను కాళ్ళు పట్టినందుకు మీ అద్దె మూడొందలు కోశారు మామ్మగారూ" అన్నాను. సొసైటీ వాళ్ళకి ఆ కాగితం చూపించడానికి కూడా వెళ్ళలేదు.

ఆ రాత్రే మా గది కూలింది. దేవుడి దయవల్ల నేను వెనక వాటాలో ఆవిడ పక్కన పడుకున్నాను. పొద్దున్న చూస్తే ముందు గది నిండా ఇటుకలు, ఇనప చువ్వలు, వాటి కింద నా మిషను. దాని చక్రం ఒక్కటి బయటికి కనిపిస్తోంది. ఎవరిదో పెళ్ళి లంగా గుడ్డ మట్టిలో కలిసిపోయింది. పదకొండేళ్ళు నేను కూర్చున్న చోట ఆకాశం కనిపిస్తోంది. ఏడవడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

పదింటికల్లా కామేశంగారు వచ్చారు, తగ్గించిన అద్దె అమలవుతోందో లేదో చూడటానికి. గుమ్మంలో ఆగి పైకి చూశారు, కిందికి చూశారు. చట్టం పుస్తకం తీసి చాలాసేపు తిప్పారు. ఒక పేజీ దగ్గర ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్ని నెలల్లో ఆ మనిషి మొహంలో అంత సంతోషం నేను చూడలేదు.

"అమ్మా, తమకు శుభవార్త! సెక్షను రెండు, నిర్వచనములు. ఇల్లు అనగా పైకప్పు గలది. ఇప్పుడు దీనికి పైకప్పు లేదు. కావున ఇది ఇల్లు కాదు. కావున దీనికి మా చట్టమే వర్తించదు. నోటీసు అక్కరలేదు, వడ్డన అక్కరలేదు, సేవ అక్కరలేదు. ఇక తాము అద్దెను ఎంతైనా పెంచుకొనవచ్చును!"

మామ్మగారు ఇటుకల మీద కూర్చుని ఉన్నారు, జుట్టంతా సున్నం. తలెత్తి ఆయన వైపు చూసి, చాలా మర్యాదగా అడిగారు:

"ఎవరికి బాబూ?"